పదమూడో పువ్వు మీద కోత

ఆళ్లగడ్డలో ఉలి పట్టిన ఆడమనిషికి అయిదు నిమిషాల్లో అర్థమైన సంగతి, ఇందరు చదువుకున్నవాళ్లకు పన్నెండు రోజులుగా ఎందుకు అర్థం కాలేదని అడిగితే నా దగ్గర ఒకటే జవాబు. వాళ్లెవరూ ఆమెను అడగలేదు. ఆ రోజు పొద్దున తొమ్మిది దాకా నేనూ అడగలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఆమె పేరు కొండమ్మ, శిల్పి సుబ్బయ్య భార్య. సుబ్బయ్య నంద్యాలలో ఒక ఫంక్షన్ హాలు ముందర రాతి తోరణం కట్టాడు. రెండు స్తంభాలు, వాటి మీద అడ్డంగా పన్నెండు పువ్వులు చెక్కిన దూలం. ఆగస్టు రెండున నిలబెట్టారు. పన్నెండో తేదీ ఉదయం ఆరూ నలభైకి దూలం కింద పడింది. రోజూ లాగే ఆ వేళకు కింద ఊడుస్తున్న కాపలాదారు మహబూబ్ అక్కడికక్కడే పోయాడు. మర్నాడే సుబ్బయ్యను పట్టుకెళ్లారు. రాయిలో మొదటినుంచీ బీటు ఉందని ల్యాబు రిపోర్టు వచ్చింది. సుబ్బయ్య తెలిసే బీటు రాయిని అంటగట్టి ఒక మనిషి చావుకు కారణమయ్యాడని కేసు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్లు, ఆ ఒక్క కాగితం చూసి అందరూ తలలూపారు.

హాలు యజమాని తిరుపాలు టీవీవాళ్ల ముందు కళ్లు తుడుచుకున్నాడు. హాలు స్థలం తగాదాలో మహబూబ్ ఇరవయ్యో తేదీన కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి ఉందట, పద్దెనిమిదేళ్ల నమ్మినబంటు పోయాడట. ఏ పక్షాన సాక్ష్యం చెప్పబోయాడని ఒక్క విలేకరీ అడగలేదు.

నేను దెబోరాను. నంద్యాలలో పదకొండేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తున్నాను. అంతకు ముందు తొమ్మిదేళ్లు సిమెంటు, ఇనుము, రాయి పరీక్షించే ల్యాబుల్లో అసిస్టెంటుగా చేశాను. సుబ్బయ్య వకీలు నన్ను పిలిచింది ఆ తొమ్మిదేళ్ల కోసమే. ఆగస్టు ఇరవై అయిదున, పదకొండున్నర నుంచి ఒక్క గంట సేపు ల్యాబులో, ఆ రిపోర్టుకు ఆధారమైన రాతి ముక్కను చూసుకోవచ్చని కోర్టు అనుమతి ఇచ్చింది. అదే రోజు మధ్యాహ్నం రెండున్నరకు బెయిలు మీద వాదనలు. ఆ బెయిలు రాకపోతే సుబ్బయ్య ఇంకెన్నాళ్లు లోపల ఉండాలో వకీలే చెప్పలేకపోయాడు.

కొండమ్మను తీసుకుపోదామని పొద్దున్నే ఆళ్లగడ్డ వెళ్లాను. ఇంటి ముందు రాళ్ల మధ్య కూర్చుని ఎవరిదో సగం చెక్కిన నంది కాళ్లు నునుపు చేస్తోంది. మొగుడు జైల్లో ఉన్నా ఒప్పుకున్న పని ఆగకూడదు కదా. ఫోన్లో రిపోర్టు ఫోటో చూపించాను. దూలం నుంచి ఊడిపడిందంటున్న అరచేయంత రాతి పువ్వు, నడిమికి రెండుగా పగిలింది. పగిలిన ముఖంలో పువ్వు వైపు చాలా మేర నల్లగా, అడుగున కొంచెం తెల్లగా ఉంది. నల్లటిది పాత బీటు, అందులోకి మన్ను దిగింది. తెల్లటిది దూలం పడ్డప్పుడు కొత్తగా పగిలింది. ఇదీ రిపోర్టు సారాంశం.

"అంటే ఈ బీటు పువ్వు చెక్కకముందే ఉండిందంటారా?" అంది కొండమ్మ.

"అవును. తెలిసే దాని మీద చెక్కినాడంటారు."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. లేచి, గోడ వారనున్న పనికిరాని రాయి మీద చెంబుడు నీళ్లు పోసింది. ఎండకు రాయంతా ఆరిపోయింది కానీ ఒక సన్నటి గీత మాత్రం తడిగా నల్లగా మిగిలింది. "ఇదీ బీటు. సూడు" అని ఉలి పెట్టి ఆ గీత వైపు చెక్కుకుంటూ వచ్చింది. గీత దగ్గరికి రాగానే అంచు పెచ్చులుగా ఊడి కింద పడింది.

"బీటు మీదికి ఉలి వస్తే అంచు నిలబడదక్కా. ఎంత పనోడైనా రాలిపోతాది. బీటు ముందే ఉంటే ఆ పువ్వు రెక్కలు కొరికేసినట్లుండల్ల. ఫోటోలో సరిగా కనపడ్లే. కళ్లారా సూస్తే చెప్తా."

"ఈ మాట పోలీసులకు చెప్పినావా?"

"రాయి మంచిదని చెప్పబోయినా. శిల్పి నువ్వా, మీ ఆయనా అని అడిగినారు. ఇరవై రెండేండ్లుగా ఆ ఇంట్లో సగం పువ్వులు నేనే చెక్కుతాండా. ఎవరికి చెప్పేది?"

నంద్యాల దారిలో ఆమె ఇంకో మాట చెప్పింది. ముందురోజు జైలు గేటు దగ్గర మహబూబ్ భార్య షాహజాదీ ఎదురైందట. నీ మొగుడు నా ఇల్లు కూల్చినాడు అని అందరి ముందూ తిట్టిందట. "నేను తల వంచుకోని వచ్చేసినా. ఆయమ్మది తప్పు కాదు. కాగితం అట్లా చెప్తాంది కదా" అంది. ఇద్దరు ఆడవాళ్లను గేటు దగ్గర ఒకరి మీదికి ఒకరిని తోసి, ఆ కాగితం రాసినవాడు ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని ఉంటాడు.

పదకొండూ ముప్పై రెండుకు ల్యాబు మెట్లెక్కాం. లోపల హర్ష అప్పటికే కూర్చుని టీ తాగుతున్నాడు. రామేశ్వరం పోయినా శనేశ్వరం తప్పదంటారు కదా. హర్షది కర్నూలు. నాలాంటి పరిశోధకుడే, తిరుపాలు తరఫున పని చేస్తున్నాడు. శిథిలాల్లోంచి ఆ ముక్కను ఏరింది తనేనని పేపర్లలో ఫోటో కూడా వేయించుకున్నాడు. మూడేళ్ల కిందట ఒక పత్తి గోడౌను కేసులో నన్ను ఓడించాడు. ఆ సంగతి నేను మరిచిపోయినా అతను మరిచిపోనివ్వడు.

"రండి దెబోరా గారూ. బంధువుల్ని కూడా తెచ్చుకున్నారే" అన్నాడు కొండమ్మను చూసి.

"బంధువు కాదు. నిపుణురాలు."

"ఏ యూనివర్సిటీ?"

"ఆళ్లగడ్డ" అన్నాను. టీ గ్లాసు పక్కన పెట్టాడు.

మేనేజరు కర్నూలు వెళ్లాడట. ట్రే తెచ్చింది ఆపరేటరు ఫిలిప్. ముప్పై అయిదేళ్లుంటాయి. నా కళ్లలోకి చూడకుండా ట్రే బల్ల మీద పెట్టి గోడ పక్కకు జరిగాడు. ముక్కను చూసేముందు మనిషిని చూడాలనిపించింది నాకు.

"ఫిలిప్, ఇది ల్యాబుకు ఎప్పుడొచ్చింది?"

"పదమూడో తారీఖు మేడమ్. మధ్యాన్నం పన్నెండుకు. హర్ష సారే సీలేసిన సంచి తెచ్చినాడు."

"అప్పటికే రెండు ముక్కలా?"

"రెండు ముక్కలే మేడమ్."

"రిపోర్టు నువ్వు రాసినావా?"

"మేనేజరు రాసినాడు. నేను ఫోటోలు తీసినా, అంతే."

"దీన్ని నువ్వు కోసినావా?"

"పదమూడున కోయలేదు మేడమ్" అన్నాడు.

నేను తేదీ అడగలేదు. కోశావా అని మాత్రమే అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు అతనే తేదీ తెచ్చాడు. ఆ మాటను పక్కన పెట్టుకుని ముక్క వైపు తిరిగాను.

కొండమ్మకు గ్లౌజులు వదులయ్యాయి. వేళ్ల చివర్లు మడిచి పెట్టుకుని, రెండు ముక్కలనూ దగ్గరికి చేర్చి పువ్వు వైపు నుంచి చూసింది. చాలాసేపు చూసింది. హర్ష గడియారం చూసుకున్నాడు. పదకొండూ నలభై ఎనిమిది.

"ఇది మా పువ్వే. నేను చెక్కిందే" అంది.

"మేమూ అదే కదమ్మా అంటున్నాం" అన్నాడు హర్ష.

"రెక్కలు చూడప్పా. ఇన్ని రెక్కల మీద గీత దాటుకోని పోయింది. ఒక్క రెక్కకైనా అంచు రాలిందా? ముందు పువ్వు చెక్కినాము. ఆ తరువాత వచ్చింది ఈ గీత. అట్లా కాదంటే నా చేతులు నరుక్కుంటా."

"కోర్టుకు సైన్సు కావాలి తల్లీ, ఉలి కబుర్లు కాదు."

"ఉలి కబుర్లు కాకుండా ఇది పువ్వెట్లా అయింది?" అన్నాన్నేను. గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. "సరే, సైన్సు దగ్గరికే వస్తా. ముందు ఒకటి చెప్పు. దూలాన్ని స్తంభాలకు నాలుగు ఇనుప కడ్డీలతో బిగించినారు. జప్తు చేసిన వస్తువుల్లో ఒక్క కడ్డీ లేదు. యాడున్నాయవి?"

"రాయి పగిలి పడిందని తేలాక కడ్డీలతో పనేముంది?"

"నాలుగు కడ్డీల ప్రశ్నను ఒక్క కాగితం మింగేసిందన్నమాట."

"మీకు రాయి గురించి మాట్లాడాలని లేకపోతే గంట పూర్తయిందని రాసిస్తాను" అన్నాడు.

కొండమ్మ మా గొడవ వినడం లేదు. "నువ్వు ఈ ముక్క యాడ ఏరినావు సారూ?" అని హర్షను అడిగింది.

"దూలం ఎడమ ముక్క పక్కన. పదమూడు ఉదయం పదీ ఇరవైకి. నా చేత్తో."

"దూలం ఫోటో ఉంటే చూపీ."

అతను విసుగ్గా ఫోన్ తీశాడు. దూలం రెండుగా విరిగి, చెక్కిన వైపు పైకి తిరిగి పడి ఉంది. కొండమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. ఎడమ ముక్క మీద ఆరు. కుడి ముక్క మీద ఆరు. ఇంకోసారి లెక్కపెట్టి, ఫోన్ అతనికి తిరిగిచ్చింది.

"పన్నెండూ దూలం మీదనే ఉన్నాయి. ఇంగ ఇది యాడ ఊడింది?"

పన్నెండు రోజులు. పోలీసులు, పరిశోధకుడు, ల్యాబు, చివరికి నేను కూడా. ఆ ఫోటో నా ఫోన్లోనూ ఉంది. పన్నెండు దాకా లెక్కపెట్టాలని ఒక్కరికీ తట్టలేదు. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

"ఇది పదమూడో పువ్వక్కా" అంది కొండమ్మ నాతో. "మా ఇండ్లల్లో ఎన్ని పువ్వులు ఒప్పుకుంటే దానికొకటి ఎక్కువ చెక్కుతాము. దూలంలో మిగిలిన రాతి చెక్క మీదనే. బండిలో తెచ్చే దావలో ఏదన్నా పెచ్చు లేస్తే అతకేదానికి. నిలబెట్టినాక దాన్ని ఇంటికి తిరిగి తెచ్చుకోము. రాయి దగ్గర కావలి ఉన్న మనిషికి ఇచ్చేస్తాము. ఈడ మహబూబన్నకు ఇచ్చినాడు మా ఆయన. నేను పక్కనే ఉన్నా. రెండు చేతులతో తీసుకున్నాడాయప్ప."

హర్ష తొందరగానే తేరుకున్నాడు. అందుకే అతనంటే నాకు మంట, అందుకే కొంచెం గౌరవం కూడా. "అయితే కాపలాదారు దాన్ని తోరణం దగ్గరే పెట్టుకుని ఉంటాడు. దూలం మీద పడి పగిలింది. రాయి అదే రాయి. అందులో బీటుంటే దూలంలోనూ బీటున్నట్లే. ఇప్పుడు చెప్పండి."

పన్నెండూ మూడు. నేను ఒక ముక్కను తిప్పి పగిలిన ముఖాన్ని కిటికీ వెలుగుకు పెట్టాను. ఫోటోలో కనపడనిది ఇక్కడ కనపడింది. నల్లటి భాగం ఆగిపోయి తెల్లటి భాగం మొదలయ్యే చోట గీత వంకరటింకరగా లేదు. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు గిన్నె అడుగులా గుండ్రంగా వంగి ఉంది. నల్లటి భాగాన్ని గ్లౌజు వేలితో తడిమాను. నున్నగా ఉంది. గ్రానైట్ నిజంగా బీటలు వారితే గింజల పక్కల నుంచి మెలికలు తిరుగుతూ పోతుంది. ఇది గింజలను నడిమికి కోసుకుంటూ తిన్నగా పోయింది. పైన పూసిన ఎర్రమన్ను గోటితో గీరితే వచ్చేస్తోంది.

ఈ గుండ్రటి గీతను తొమ్మిదేళ్లు చూసినదాన్ని నేను.

"ఫిలిప్, మీ చిన్న కోత మిషను యాడుంది?"

అతను కదల్లేదు. కొండమ్మ వెనక బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ కప్పి ఉన్నదాన్ని నేనే వెళ్లి తెరిచాను. మిక్సీ కన్నా కాస్త పెద్దది, అంతే. రంపం మిల్లుల్లో కోసే రకం కాదు. ల్యాబుల్లో పరీక్షకు ఇచ్చిన రాయినో ఇనుమునో కాలకుండా, చిట్లకుండా, వెంట్రుకవాసి తేడా లేకుండా కోయడానికి ఉన్న మిషను. పల్చటి గుండ్రటి బిళ్ల, దాని అంచున వజ్రపు పొడి. బిళ్ల మందం రెండు పోస్టుకార్డులంత. నీళ్లు చిలకరించుకుంటూ నెమ్మదిగా తిరుగుతుంది. పెద్ద మిషను లాగా అరవదు, పక్క గదిలో ఉన్నవాళ్లకు కూడా వినపడదు.

"ఇదే సైజు కొత్త బిళ్ల ఒకటి ఇయ్యి."

ఫిలిప్ సొరుగు తెరిచి ఇచ్చాడు. అయిదంగుళాల బిళ్ల. దాన్ని రాతి ముఖం మీద పెట్టి, అంచును ఆ వంపు గీత మీదికి జరిపాను. బిళ్లకూ గీతకూ మధ్య గోరు దూరేంత సందు కూడా లేదు. తరువాత రెండు ముక్కలనూ ఒకటిగా కలిపి పట్టుకున్నాను. అడుగున తెల్లటి భాగం చక్కగా అతుక్కుంది. పైన పువ్వు దగ్గర మాత్రం సన్నటి సందు మిగిలింది. అందులో రెండు పోస్టుకార్డులు పడతాయి.

"చూడు హర్షా. ఇది బీటు కాదు, కోత. ఈ మిషనులో పెట్టి ముప్పావు వంతు కోసినారు. మిగిలింది సుత్తితో విరిచినారు. కోసిన చోట మన్ను పూసినారు. దాన్ని పాత బీటని రాసి, ఒక మనిషిని జైల్లో పెట్టినారు."

అతను ముక్కను తీసుకుని చూశాడు, బిళ్లను కూడా పెట్టి చూశాడు. అతని మొహం ఎర్రబడింది. తరువాత నవ్వాడు.

"ల్యాబు కోయక ఏం చేస్తుందండీ? పరీక్షించాలంటే కోయాలి. నేను ముక్క ఇచ్చాక వీళ్లు కోశారు. ఆ మన్ను ట్రేలో అంటుకుంది. కోతను చూసి బీటనుకునేది మీరు, మేనేజరు కాదు. రెండున్నరకు జడ్జి ముందు ఇదే చెప్పండి, నేనూ వింటాను."

"నువ్వు తెచ్చేసరికే రెండు ముక్కలని ఫిలిప్ చెప్పినాడు. పదమూడున కోయలేదనీ చెప్పినాడు."

"పదమూడున కాకపోతే పద్నాలుగున కోసుంటాడు. భయంతో ఏదో అన్నాడు. నౌకరీ చేసుకునేవాడి మాట పట్టుకుని వాదిస్తారా?"

అతని మాటలో పస లేకపోలేదు. జడ్జి ముందు ఆ మాటంటే మా దగ్గర జవాబు లేదు. నేను ఫిలిప్ వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు. పన్నెండూ పదహారు. సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. "ఆఁ సార్... ఉన్నారు సార్... ఇప్పుడేనా సార్?" అని పెట్టేశాడు.

"మేనేజరు. మిషను సర్వీసుకు పంపల్లంట. బండి వచ్చేసిందంట, పది నిమిషాల్లో ఎత్తుకపోతారంట."

"పోయిన నెల్లోనే సర్వీసయిందని దీని మీద చీటీ అతికించి ఉంది" అన్నాను.

"అవును మేడమ్."

హర్ష ఆ చీటీ వైపు చూశాడు, ఫిలిప్ వైపు చూశాడు. అతను అహంకారి కానీ మూర్ఖుడు కాడు. "ఈ మిషను చేసిన పని గుర్తు పెట్టుకుంటుందా?" అని అడిగాడు.

"చివరి ముప్పై కోతలు పెట్టుకుంటుంది సార్. తారీఖు, టైము, ఏం కోసినాము, ఎంతసేపు."

"తెరువు. పద్నాలుగో తేదీ చూపించి ఈమె నోరు మూయిస్తాను."

ఫిలిప్ స్విచ్చు వేశాడు. చిన్న తెర వెలిగింది. హర్షే ముందుకు వంగి వేలితో కిందికి జరుపుకుంటూ పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ఇరవై రెండు, సిమెంటు, ఆరు నిమిషాలు. పంతొమ్మిది, ఇనుము, పద్నాలుగు నిమిషాలు. పదహారు, సిమెంటు. పద్నాలుగు, సిమెంటు, అయిదు నిమిషాలు. పదమూడు... పదమూడు లేదు. పదకొండు, ఇటుక. ఎనిమిది, గ్రానైట్, యాభై రెండు నిమిషాలు. సాయంత్రం నాలుగూ పదికి మొదలు..."

అక్కడ ఆగాడు. ఇంకా కిందికి జరిపాడు. జూలై దాకా వెళ్లాడు. గ్రానైట్ మరెక్కడా లేదు.

"మిషను గడియారం తప్పుండొచ్చు" అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి బలం లేదు.

తెర మీద టైము చూశాను. ఆగస్టు ఇరవై అయిదు, పన్నెండూ ఇరవై ఒకటి. గోడ గడియారమూ అదే చెప్తోంది.

"తోరణం ఎప్పుడు పడింది హర్షా?"

కొండమ్మ చెప్పింది. "పన్నెండున."

తోరణం కూలడానికి నాలుగు రోజుల ముందే, అది కూలిన కారణం తయారైపోయింది. ఈ పువ్వును కోసినవాళ్లకు ఆ దూలం పడుతుందని తెలుసు. ఎప్పుడు పడాలో, ఎవరి మీద పడాలో కూడా తెలుసు. దూలాన్ని పట్టి ఉంచిన ఆ నాలుగు కడ్డీలు మాయమైంది అందుకే. ఇది ప్రమాదం కాదు. సుబ్బయ్య నిర్లక్ష్యమూ కాదు, ఎవరి నిర్లక్ష్యమూ కాదు. ఇరవయ్యో తేదీన కోర్టులో నోరు తెరవాల్సిన మనిషిని ఎనిమిది రోజుల ముందు చంపారు. ఆ హత్యను మోయడానికి ఆళ్లగడ్డ నుంచి ఒక అమాయకుణ్ణి ఎంచుకున్నారు.

హర్ష కుర్చీలో కూలబడ్డాడు. "నేను ఏరుతానని నా కోసం అక్కడ పెట్టారు. నన్ను వాడుకున్నారు" అన్నాడు.

"నీకు పరువు పోయింది. ఆమె మొగుడికి పన్నెండు రోజులు పోయినాయి. మహబూబ్‌కు ప్రాణం పోయింది. వరస చూసుకో" అన్నాను. అనకుండా ఉండాల్సింది, కానీ ఆ పూట నా నోటికి అడ్డం లేదు.

కింద బండి ఆగింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఇద్దరిదో ముగ్గురిదో. హర్ష ఒక్క ఉదుటున లేచి షట్టరును లోపలి నుంచి దించి, గడియ పెట్టాడు. అప్పుడు తన ఫోనుతో తెరకు వరసగా ఫోటోలు తీశాడు. వాటిని నాకూ, మా వకీలుకూ పంపాడు. మూడేళ్లలో మొదటిసారి ఆ మనిషిని చూసి నాకు ఒళ్లు మండలేదు.

షట్టరు మీద దబదబ కొట్టారు. "ఫిలిప్! తెరువురా!"

నేను ఫిలిప్ ముందుకు వెళ్లి నిలబడ్డాను. "ఎనిమిదో తారీఖు కోసింది నువ్వే కదా?"

"మేనేజరు కోయమన్నాడు మేడమ్. కొత్త బిళ్ల గ్రానైట్‌కు పనికొస్తాదా లేదా చూడమన్నాడు, పూర్తిగా కోయొద్దన్నాడు. నాకేం తెలుసు? పదమూడున సంచి విప్పినాక అదే పువ్వు చూసినా. మన్ను పూసి ఉండె. అడిగితే, నీకు ఇద్దరు పిల్లోళ్లు కదా అన్నాడు. ఇంగ గమ్మునైపోయినా."

గమ్మునైపోయాడు. ఒక మనిషి జైల్లో చాప మీద పడుకుని ఉండగా, ఇతను రోజూ వచ్చి సిమెంటు ముక్కలు కోసుకుని వెళ్లాడు. తిట్టాలని నోటిదాకా వచ్చింది. అతని మొహం చూసి ఆపుకున్నాను. అడగాల్సింది ఇంకొకటి మిగిలి ఉంది.

"ఆ పొద్దు పువ్వును ల్యాబుకు తెచ్చిచ్చింది ఎవరు?"

ఫిలిప్ కళ్లు తుడుచుకున్నాడు. "మహబూబన్నే మేడమ్."

కొండమ్మ చేతిలో ముక్క ట్రేలోకి జారింది.

"సైకిలు మీద వచ్చినాడు. తువ్వాల్లో చుట్టుకోని తెచ్చినాడు. రాయి గట్టిదేనా కాదా చూస్తారంట, ఇచ్చి రాపో అని తిరుపాలు సారు పంపించినాడంట. కోస్తాండంతసేపూ ఈ స్టూలు మీదే కూసున్నాడు. యాభై రెండు నిమిషాలు. అబ్బా, ఎంత సన్నంగా కోస్తాందప్పా అన్నాడు. నాకు టీ కూడా తెప్పించినాడు. పోయేటప్పుడు, పని అయిపోయినాక నా పువ్వు నాకిస్తారు కదా, మా ఇంట్లో రోజూ అడుగుతాంది అన్నాడు."

షట్టరు అదురుతూనే ఉంది. హర్ష దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. తన చావుకు సాకును తన చేత్తోనే మోసుకొచ్చి, అది తయారవుతుంటే పక్కన కూర్చుని మెచ్చుకున్న మనిషిని తలుచుకుంటే నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. తిరుపాలు టీవీలో కళ్లు తుడుచుకున్న జేబురుమాలు గుర్తొచ్చి పళ్లు పటపటలాడాయి.

కొండమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ స్టూలు వంక ఒకసారి చూసింది. తరువాత ఫిలిప్ దగ్గరికి వెళ్లి అతని భుజం మీద చేయి వేసింది.

"ఇప్పుడు చెప్పిన మాట రెండున్నరకు జడ్జి ముందర చెప్తావా నాయనా? మా ఆయన కోసం వద్దు. షాహజాదీ కోసం చెప్పు."

ఫిలిప్ ఆమె మొహంలోకి చూశాడు. "చెప్తానమ్మా" అన్నాడు.

ఆ మాట అతను గట్టిగానే అన్నాడు. బయట కొట్టడం ఆగిపోయింది. ఎవరో ఫోన్లో గుసగుసగా మాట్లాడారు. తరువాత షట్టరుకు బయటి నుంచి తాళం వేసిన చప్పుడు వినిపించింది. ఫిలిప్‌ను రెండున్నరకు కోర్టు చేరనివ్వకూడదని వాళ్ల లెక్క, కానీ తెర ఫోటోలు అప్పటికే మా వకీలు ఫోన్లో ఉన్నాయి.